ఏళ్ల తరబడి మూలపడ్డ పాత మోటారు సైకిల్‌ని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా? మొదటిసారి చేసేవాళ్ల కోసం మొత్తం వివరంగా

పాత బండి ఇంటికి తెచ్చుకున్న మొదటి ఆదివారం చాలామంది చేసే పని ఒకటే. స్పానర్ల పెట్టె తీసి, సాయంత్రానికల్లా మొత్తం విప్పేసి నేలంతా పరిచేయడం. ఆ ఊపు నాకు తెలుసు, నా మొదటి బండికి నేనూ అదే చేశాను. మూడు నెలలు తిరిగేసరికి నా దగ్గర బండి లేదు, నాలుగు అట్టపెట్టెల నిండా సామాన్లు ఉన్నాయి, వాటిలో ఏ నట్టు ఎక్కడిదో సగం గుర్తులేదు, అది మళ్లీ చక్రాల మీద నిలబడడానికి రెండేళ్లు పట్టింది. రెండో బండిని విప్పకుండా మొదలుపెట్టాను, ఐదు నెలల్లో నడిచింది. అందుకే ఇక్కడ చెప్పే వరస ఇలా ఉంటుంది: ముందు ఇంజను ఆడాలి, తర్వాత బ్రేకు వేస్తే బండి ఆగాలి, రంగూ మెరుపూ ఆ తర్వాతే. ఒక్కసారి ఇంజను శబ్దం విన్నాక మిగతా పని మీద ఆశ వస్తుంది, ఏ భాగానికి ఎంత ఖర్చు పెట్టాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

బండిని ఎంచుకునేటప్పుడు

మొదటి ప్రాజెక్టుకి ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను, కిక్కు స్టార్టు ఉన్న బండి తీసుకోండి. నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బ్యురేటర్లు (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపేవి) ఉన్న బండి చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, ప్రతి పనీ నాలుగుసార్లు చేయాల్సి వస్తుంది.

అమ్మేవాళ్లని "ఎన్నేళ్ల నుంచి ఆగిపోయి ఉంది?" అని అందరూ అడుగుతారు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న "ఎందుకు ఆపేశారు?". నడుస్తూ నడుస్తూ యజమాని కొత్త బండి కొనుక్కుని దీన్ని పక్కన పెట్టేస్తే ఆ కథ వేరు, ఇంజనులో ఏదో టకటకమని చప్పుడు వచ్చి ఆపేస్తే ఆ కథ వేరు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిపోతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. నంబరు దగ్గర అరగదీసిన గుర్తులుంటే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

తుప్పు పట్టిన వస్తువు కన్నా అసలు లేని వస్తువు పెద్ద తలనొప్పి. తుప్పు పట్టిన సైడు ప్యానెల్‌ని బాగుచేసుకోవచ్చు, లేని దాన్ని వెతకడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. డబ్బు ఇచ్చే ముందే ఆ మోడలుకి పిస్టన్ రింగులు, గ్యాస్కెట్ సెట్టు, క్లచ్ ప్లేట్లు దొరుకుతున్నాయో లేదో వాకబు చేయండి. వర్క్‌షాప్ మాన్యువల్‌తోపాటు పార్టుల బుక్కు కూడా సంపాదించండి. ఏ వాషరు ఏ నట్టుకి ముందు వస్తుందో బొమ్మల్లో విడదీసి చూపించేది అదే, కొత్తవాళ్లకి మాన్యువల్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

మొదటి వారం: ఫోటోలు, సంచులు, అట్టముక్క

స్పానర్ పట్టుకునే ముందు ఓ వంద ఫోటోలు తీయండి. దూరం నుంచి తీసినవి జ్ఞాపకానికి, దగ్గర నుంచి తీసినవి పనికి. క్లచ్ కేబులు ఛాసిస్‌కి ఎటువైపు నుంచి వెళ్తోంది, హెడ్‌లైటు డొప్పలో ఏ రంగు వైరు దేనికి కలిసి ఉంది, బ్రేకు రాడ్డు స్ప్రింగు ఎటు తిరిగి ఉంది, ఇలాంటివి. ప్రతి బోల్టునీ విప్పిన వెంటనే దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి పెట్టేయండి. అలా కుదరనివి జిప్పు సంచుల్లో వేసి పేరు రాయండి.

ఇంజను కవర్ల స్క్రూలకి ఇంకో పద్ధతి ఉంది. ఒక అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ స్క్రూ ఏ చోటు నుంచి వచ్చిందో అదే చోట అట్టలో గుచ్చేయండి. చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవులు వేరు. పొడుగు స్క్రూని పొట్టి రంధ్రంలో బిగిస్తే అది అడుగుకి తగిలి అల్యూమినియం కేసుని పగలగొడుతుంది.

పనిముట్ల విషయంలో ఒక్కమాట. పాత జపాన్ బండ్ల స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ అవి జిస్ (JIS) అనే జపాన్ కొలతవి, మామూలు ఫిలిప్స్ డ్రైవరు వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి తల అరిగిపోతుంది. పాత బ్రిటిష్ బండ్లకి విట్‌వర్త్ కొలత స్పానర్లు కావాలి, మిల్లీమీటరు స్పానర్లతో సరిపెడితే బోల్టు మూలలు గుండ్రమైపోతాయి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరు, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి, కరెంటు కొలిచే మల్టీమీటరు, ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే టార్క్ రెంచి ఉంటే మొదటి ప్రాజెక్టు దాదాపు గడిచిపోతుంది.

పట్టేసిన బోల్టుతో బలప్రదర్శన వద్దు. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి, మర్నాడు విప్పే ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పండి, తుప్పు పట్టు అక్కడ తెగుతుంది. అల్యూమినియంలో ఇరుక్కున్న ఇనుప బోల్టుకి వేడి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది, అంటే రంధ్రం బోల్టుని కాస్త వదులుతుంది. హాట్ ఎయిర్ గన్ను చాలు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరు కొట్టిన చోట మాత్రం వేడి చేయడం, వెల్డింగ్ చేయడం ఎప్పుడూ వద్దు. ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది, దాని దగ్గరికి మంట తీసుకెళ్లకూడదు.

ఇంజను పట్టేసిందా?

ప్లగ్గు విప్పి, కిక్కు లివరుని చేత్తో మెల్లగా నొక్కి చూడండి. తిరిగితే మంచిదే, తిరక్కపోయినా కంగారు అక్కర్లేదు. ఏళ్ల తరబడి కదలని బండిలో రింగులకీ సిలిండరు గోడకీ మధ్య తుప్పు పట్టి పిస్టన్ అతుక్కుపోవడం మామూలే. అప్పుడు కిక్కు మీద ఎక్కి గట్టిగా తొక్కారంటే పిస్టన్ కదలదు, కిక్కు గేరు పళ్లు విరుగుతాయి.

ఏటీఎఫ్ అని అమ్మే ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్, అసిటోన్ సమానంగా కలిపి ప్లగ్గు రంధ్రంలోంచి పోయండి. అసిటోన్‌కి ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి గాలాడే చోట, మంటకి దూరంగా చేయాలి. రోజూ కొంచెం పోస్తూ వారం పది రోజులు ఓపిక పట్టండి. ఆ తర్వాత ప్లగ్గు లేకుండానే టాప్ గేరులో వేసి, వెనక చక్రం పట్టుకుని ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం ఊపండి. నా రెండో బండికి తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. పదో రోజు పొద్దున చక్రం ఊపుతుంటే అరచేతికి చిన్న 'టిక్' తగిలింది, చైను ఒక పన్నంత కదిలింది, ప్లగ్గు రంధ్రంలోంచి తుప్పు రంగు బుడగ ఒకటి పైకొచ్చి పగిలింది. అక్కడి నుంచి మరో గంట అలాగే ఊపితే పూర్తి చుట్టు తిరిగింది.

తిరిగింది కదా అని వెంటనే కిక్కు కొట్టకండి. లోపలి ద్రవం ప్లగ్గు రంధ్రంలోంచి చిమ్ముతుంది, ముందు గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా తిప్పి బయటికి పంపండి. ఫోనుకి తగిలించే చిన్న కెమెరా లోపలికి పంపి సిలిండరు గోడ చూడండి. పలచటి మరకలుంటే ఆడించి చూడొచ్చు. వేలికి తగిలేంత గుంటలుంటే హెడ్డూ సిలిండరూ తీసి రీబోర్ చేయించి (అంటే సిలిండరు లోపలి గోడని కాస్త పెద్దగా తొలిపించి) కొత్త సైజు పిస్టన్ వేయక తప్పదు. పది రోజులు నానబెట్టినా కదలకపోయినా అదే దారి.

పాత ఆయిల్ దించినప్పుడు గిన్నెలోకి జాగ్రత్తగా చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయని అర్థం. ముద్దలా నల్లటి బురద సహజమే. మెరిసే ముక్కలు చేతికి తగిలితే మాత్రం ఇంజను విప్పకుండా స్టార్టు చేయకండి.

సిలిండరులో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి ఉంటే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొట్టి కొలవండి. అంకె మాన్యువల్‌లో ఉన్నదానికన్నా బాగా తక్కువొస్తే ఒక చెంచా ఇంజనాయిల్ సిలిండరులో పోసి మళ్లీ కొలవండి. పెరిగితే లోపం రింగుల్లో ఉంది, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్డు గ్యాస్కెట్‌లోనో ఉంది. టూ స్ట్రోక్ బండికి వాల్వుల గొడవ లేదు కానీ క్రాంక్ సీళ్లు (క్రాంకు షాఫ్టు చివర్ల నుంచి గాలి లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగులు) ఉంటాయి, అవి ఏళ్ల తరబడి ఎండి గట్టిపడతాయి. సీలు పక్క నుంచి గాలి లాగితే మిశ్రమంలో పెట్రోలు తగ్గి పిస్టన్ కాలిపోతుంది. స్టార్టయ్యాక యాక్సిలరేటరు వదిలేసినా ఇంజను దానంతటదే పరుగెడుతుంటే వెంటనే ఆపేసి ముందు సీళ్లు మార్చండి.

ప్లగ్గులో మంట (స్పార్కు)

ప్లగ్గుని క్యాపులో పెట్టి, దాని లోహపు భాగం హెడ్డుకి ఆనేలా పట్టుకుని కిక్కు కొట్టండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, అక్కడ పెట్రోలు ఆవిరి ఉండొచ్చు. నీలం రంగులో 'చట్' మని వస్తే బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా వస్తే పాయింట్లు, అంటే ఇంజను తిరుగుతుంటే కరెంటుని కలిపి విడదీసే రెండు చిన్న లోహపు ముఖాలు, చూడండి. ఏళ్ల తరబడి వాడకపోతే వాటి ముఖాల మీద పొర కడుతుంది. సన్నటి ఎమరీ పేపరుతో రెండుసార్లు రుద్ది, తర్వాత స్పిరిట్‌లో తడిపిన తెల్ల కాగితాన్ని మధ్యలో లాగండి, కాగితం మీద నల్ల గీత పడడం ఆగేదాకా. పాయింట్ల సందు చాలా పాత బండ్లకి 0.35 నుంచి 0.4 మి.మీ. దాకా, ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మి.మీ. దాకా ఉంటుంది, మీ మాన్యువల్ అంకె ఏదైతే అదే ఖాయం చేసుకోండి. పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సరుని పరీక్షిస్తూ కూర్చోవడం కన్నా కొత్తది వేయడం మేలు.

మంట అసలే రాకపోతే కాయిల్ (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి అందించేది) కొనడానికి పరుగెత్తకండి. మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే ప్లగ్గుకి కరెంటు పుట్టించేది) ఉన్న బండి అయితే, హ్యాండిల్ మీద ఇంజను ఆపే కిల్ స్విచ్ వైరుని ఒకసారి విడదీసి చూడండి. వాన నీళ్లకి ఆ స్విచ్ లోపల షార్టయితే అది ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే.

ట్యాంకు, కార్బ్యురేటరు

పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది, దాన్ని పూర్తిగా తీసేయండి. ట్యాంకులో టార్చి వేసి చూస్తే లోపల గోధుమరంగు పొర కనిపిస్తుంది. పలచటి తుప్పుకి వెనిగరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచడం చాలు, తర్వాత తినే సోడా కలిపిన నీళ్లతో కడిగితే ఆమ్లం విరుగుతుంది.

తుప్పు మందంగా ఉంటే కరెంటుతో వదిలించడం నాకు బాగా నచ్చిన పద్ధతి. నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపి ట్యాంకు నింపండి. మూత దగ్గర నుంచి ఒక మామూలు ఇనుప కడ్డీ లోపలికి వేలాడదీయండి, అది ట్యాంకుకి ఎక్కడా తగలకూడదు. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ప్లస్ కడ్డీకి, మైనస్ ట్యాంకుకి. తారుమారైతే కడ్డీకి బదులు ట్యాంకే కరుగుతుంది, స్విచ్ వేసే ముందు రెండుసార్లు చూసుకోండి. కాసేపటికి బుడగలు మొదలవుతాయి, నురగ గోధుమరంగుకి తిరుగుతుంది, కడ్డీకి బురద పట్టినప్పుడల్లా తీసి గీకి మళ్లీ పెట్టాలి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయట మాత్రమే చేయండి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అస్సలు వాడకూడదు, దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలో కలుస్తుంది.

ఏ పద్ధతిలో చేసినా చివరి నిమిషాలే అసలైనవి. కడిగిన ఇనుము తడిగా ఉంటే కళ్లముందే మళ్లీ నారింజరంగుకి తిరుగుతుంది. వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోలు లోపల అన్నివైపులా తిప్పండి. ట్యాంకు లోపల పూసే సీలరు గురించి చాలామంది గొప్పగా చెప్తారు. సన్నటి చిల్లులుంటే తప్ప నేను వాడను, సరిగ్గా అతుక్కోకపోతే కొన్నాళ్లకి పొరలుగా ఊడి కార్బ్యురేటరులోకే వస్తుంది.

ఇక కార్బ్యురేటరు. "బండి కొంచెం ఆడి ఆగిపోతోంది", "చోక్ వేస్తేనే ఆడుతోంది" అన్న ఫిర్యాదులకి చాలాసార్లు కారణం పైలట్ జెట్టే, అంటే యాక్సిలరేటరు తిప్పనప్పుడు పెట్రోలు అందించే చిన్న ఇత్తడి ముక్క. దాని రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. విప్పి, వెలుగుకి ఎదురుగా పట్టుకుని ఒక కన్ను మూసి చూడండి, గుండ్రటి చుక్కలా వెలుగు కనిపించాలి. చుక్క లేకపోయినా, ఓ పక్క కొరికినట్టున్నా ఇంకా గడ్డకట్టిన పెట్రోలు ఉన్నట్టే. ఉక్కు తీగతోనో సూదితోనో పొడవకండి, ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైపోతే ఆ జెట్టు ఇక పనికిరాదు. క్లీనరులో నానబెట్టి గాలి కొట్టండి, కాకపోతే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. రబ్బరు భాగాలు ముందే తీసేయండి, క్లీనరులో ఉబ్బిపోతాయి. లోపల పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే తేలే బుడ్డి, అంటే ఫ్లోట్, ఎత్తు మాన్యువల్ ప్రకారం పెట్టండి, ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు వినబడకూడదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరుని తినేస్తుంది కాబట్టి పైపులు, ఓరింగులు కొత్తవే వేయండి.

మొదటి స్టార్టు

ట్యాంకు బిగించకుండా, చిన్న సీసాలో తాజా పెట్రోలుతో మొదలుపెట్టండి. కొత్త ఇంజనాయిల్ పోసి, ప్లగ్గు లేకుండా ముప్పై నలభై కిక్కులు కొట్టి ఆయిల్ పైకి చేరనివ్వండి. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండి అయితే మాన్యువల్ చెప్పిన పాళ్లు పాటించండి, ఉదాహరణకి 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి. స్టార్టయితే మొదట్లో పొగ వస్తుంది, మీరు పోసిన ఆయిలంతా కాలాలి కదా. రెండు నిమిషాలు ఆడించి ఆపేయండి, ఎక్కడ కారుతోందో చూడండి.

ఆపగలిగితేనే నడపాలి

టైర్ల మీద గాట్లు బాగున్నాయని మోసపోవద్దు, రబ్బరు వయసుతో గట్టిపడి పట్టు పోతుంది. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. పాత టైర్లు, ట్యూబులు, లోపలి రిమ్ టేపు అన్నీ మార్చేయాల్సిందే. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

డ్రమ్ము తెరిచినప్పుడు గాలి కొట్టకండి, పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. డిస్కు బ్రేకయితే మాస్టరు సిలిండరు సీళ్లు, హోసు మార్చి కొత్త ద్రవం పోయాలి, అది రంగు మీద పడితే పొర లేచిపోతుంది, నీళ్లు పక్కనే పెట్టుకోండి.

ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న పల్లంలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. చక్రం పట్టుకుని పక్కలకి ఊపితే వదులుగా కదులుతోందేమో చూడండి, స్పోకుల్ని స్పానరుతో తట్టుతూ వెళ్లండి, మిగతావి 'టింగ్' మంటుంటే ఒకటి 'టక్' మంటే అది వదులైంది.

వైరింగ్

సగం జబ్బులు ఎర్తు (బ్యాటరీ ఒక వైపుని ఛాసిస్ లోహానికి కలిపే చోటు) దగ్గరే. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి ఇంజనుకి వెళ్లే చోట లోహం మెరిసేదాకా గీకి బిగించండి. బండి 6 వోల్టులదో 12 వోల్టులదో ముందు తేల్చుకోండి. పాత బ్రిటిష్ బండ్లు చాలావాటిలో ప్లస్ ఎర్తు ఉంటుంది, అలవాటుగా మైనస్ కలిపితే కాలేది కాలిపోతుంది. ఫ్యూజు లేకపోతే బ్యాటరీ పక్కనే ఒకటి పెట్టండి. ఎలుకలు కొరికిన హార్నెస్‌కి (బండి వైర్ల కట్టకి) టేపు చుట్టడం కన్నా కొత్తది వేయడం మంచిది.

రంగు, ఆ తర్వాత మొదటి ప్రయాణం

ఇప్పుడు కావాలంటే విప్పండి. నా అభిప్రాయం అడిగితే, కంపెనీ వేసిన రంగు డెబ్బై శాతం మిగిలి ఉన్నా దాన్ని ఉంచేయండి, మెత్తటి పాలిషుతో అది మీరు ఊహించనంత లేస్తుంది, మళ్లీ వేసిన రంగు ఎంత బాగున్నా ఆ వయసుని తిరిగి తేలేదు. క్రోము మీది తుప్పుకి అల్యూమినియం రేకు నలిపి నీళ్లలో ముంచి రుద్దండి. పాత రంగు గీకాల్సి వస్తే సీసం ఉండొచ్చు, తడిపి గీకండి.

మొదటిసారి అర కిలోమీటరు దాటకండి. తిరిగొచ్చి బ్రేకు డ్రమ్ములు తాకి చూడండి, ఒకటి మరీ వేడిగా ఉంటే షూ పట్టేస్తోంది. అన్ని నట్లూ మళ్లీ బిగించండి, ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు మాన్యువల్ చెప్పిన టార్కుకి చూడండి. యాభై కిలోమీటర్ల దగ్గర స్పోకులు, చైను, నట్లు ఇంకోసారి. మూడు వందల దగ్గర వాల్వు సందులు కొలిచి ఇంజనాయిల్ వేడిగా ఉండగానే దించేయండి, డ్రెయిను బోల్టుకి అయస్కాంతం ఉంటే దాన్ని తుడిచే ముందు ఒకసారి వేళ్ల మధ్య రాసి చూడండి. మెత్తటి బూడిదరంగు పొడి ఉంటే కొత్త ఆయిల్ పోసుకోండి. గరుగ్గా పలుకులు తగిలితే బండి పక్కన పెట్టి ఆ పలుకులు ఎక్కడివో తేల్చండి.